ముదిమికి ముద్ద ఎవరు పెట్టవలెను? – రైలు కుటుంబముల పింఛను చరిత్ర

యుగాదినాడు పంచాంగశ్రవణము విననిదే మన తెలుగువారికి పండుగ పూర్తికాదు. ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని సిద్ధాంతిగారు చదువుచుండగా అందరమును చెవియొగ్గి విందుము. కాని ఉద్యోగము విరమించి, ఆదాయము ఆగి, వ్యయము మాత్రము ఆగని వృద్ధుల లెక్క ఏ పంచాంగమునందును కానరాదు. ఆ లోటు ఎవరు పూరించవలెను? కన్నబిడ్డలా? పని చేయించుకొన్న యజమానియా? ప్రభుత్వమా? లేక వయసులో ఉన్నపుడు ఎవరికి వారే దాచుకొనవలెనా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. జోలార్పేటలోని రైలు కుటుంబములు తరతరములుగా దీనికి వేర్వేరు సమాధానములను అనుభవించినవి. ఆ చరిత్రను సంగ్రహముగా పాఠకుల ముందుంచి, పిదప మా అభిప్రాయమును మనవి చేయుదుము.

మనవారు ఇచటికి వచ్చిన విధము

దక్షిణదేశమున మొదటి రైలు 1856 జూలై 1వ తేదీన మద్రాసు రాయపురమునుండి వాలాజా రోడ్డువరకు నడచినది. మద్రాసు రైల్వే కంపెనీవారు ఆ దారిని కాట్పాడి, గుడియాత్తం, ఆంబూరు, వాణియంబాడి మీదుగా పడమటి తీరమువైపు పొడిగించినారు. 1864లో బెంగుళూరు దారి వచ్చి కలియుటతో జోలార్పేట జంక్షనైనది. 1908లో మద్రాసు రైల్వే ఆస్తి పంపకమైనపుడు మద్రాసునుండి జోలార్పేట మీదుగా బెంగుళూరు పోవు దారి మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేకును, ఇచటినుండి సేలము, మంగుళూరు వైపు పోవు దారి సౌత్ ఇండియన్ రైల్వేకును దక్కినవి. 1944లో ప్రభుత్వమువారు ఆ రెండు కంపెనీలను తామే స్వీకరించినారు. 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే ఏర్పడినది.

సదరన్ మరాఠా రైల్వే బెజవాడ, గుంతకల్లు, రేణిగుంటల మీదుగా తెలుగు సీమలో విస్తరించి ఉండుటచేత, బదిలీలపై మనవారు ఇచటికి వచ్చుట సహజముగా జరిగినది. అదిగాక 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు చిత్తూరే ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము. కాబట్టి తెలుగు పలుకు ఈ సీమకు పరాయిది కాదు. అయినను రైలుతో వచ్చినవారికి ఒక ఇబ్బంది కలదు. సొంత ఊరిలో ఉన్నవానికి పొలమో, పాడియో, అన్నదమ్ముల పంచయో ఉండును. డ్రైవరు, ఫైర్‌మన్, గార్డు, పాయింట్స్‌మన్, గ్యాంగ్‌మన్, గుమాస్తా – వీరికి ఉండిన ఇల్లు క్వార్టరు. ఉద్యోగము ముగిసిన కొలదినాళ్ళకే తాళముచెవి అప్పగించి కదలవలెను. ముదిమినాటి ప్రశ్న వలసవచ్చినవారిని ముందుగా తాకుటకు కారణమిదియే.

మొదటి సమాధానము: నీవే దాచుకొనుము

రైల్వేలలో చిరకాలము నడచిన పద్ధతి ప్రావిడెంట్ ఫండు. ప్రతి నెల ఉద్యోగి జీతములో కొంత పట్టుకొందురు. దానికి రైల్వేవారు తమ వంతు కలుపుదురు. విరమణనాడు వడ్డీతో సహా ఆ మొత్తమును, దీర్ఘసేవకు గ్రాట్యుటీని చేతికిచ్చి నమస్కారము చెప్పుదురు. అంతటితో యజమానికిని పనివానికిని ఋణము తీరినట్లు.

ఈ పద్ధతిలో మంచి లేకపోలేదు. సొమ్ము ఉద్యోగిదే. ఎవరి దయాదాక్షిణ్యములును అక్కరలేదు. కాని ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు ఊరకనే అనలేదు. విరమణ సొమ్ము చేతికి వచ్చు వయసును, ఆడపిల్ల పెళ్ళి వయసును, తలదాచుకొన ఇంటి అవసరమును ఒక్కసారిగానే వచ్చును. మూడేండ్లలో ఫండు కరిగిపోవును. మనిషి ఇరువదియేండ్లు బ్రతుకును. ధరలు పెరిగినకొలది మిగిలిన రూపాయి చిక్కిపోవును. ఎవడు ఎంతకాలము బ్రతుకునో ముందుగా లెక్కకట్టి దాచుకొనుట ఎవరితరము? ఒంటరిగా దాచుకొనువానికి దీర్ఘాయువే నష్టమగుట ఈ పద్ధతిలోని పెద్ద లోపము.

ఇతర దేశములలో

ఈ లోపమును ఇతర దేశములవారు మనకంటె ముందుగా గుర్తించినారు. 1889లో జర్మనీలో బిస్మార్కు ప్రభుత్వము వృద్ధాప్యపు భీమా చట్టము చేసినది. పనివాడు కొంత, యజమాని కొంత, ప్రభుత్వము కొంత వేసి నిధి నడపవలెనని అందలి ఏర్పాటు. డెబ్బదియేండ్లు నిండినవారికి పింఛను. బ్రిటనులో 1908 చట్టము వేరు దారి పట్టినది. డెబ్బదియేండ్లు దాటిన పేదలకు 1909 జనవరి 1నుండి వారమునకు ఐదు షిల్లింగుల వరకు ఇచ్చినారు. వారినుండి చందా ఏమియు తీసుకొనలేదు, అంతయు పన్నులనుండియే.

అమెరికాలో రైలుపనివారి కథ మనకు మరింత దగ్గరిది. అచటి బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలు కంపెనీ 1884లోనే తన ఉద్యోగులకు పింఛను పెట్టినది. ఐనను కంపెనీల పింఛనులు కంపెనీల ఇష్టముపై ఆధారపడియుండెను. 1930ల ఆర్థిక మాంద్యములో ఆ నమ్మకము సడలగా, 1934లో రైలుపనివారి విరమణ చట్టము చేసినారు. దానిని 1935లో అచటి సుప్రీంకోర్టు కొట్టివేసినది. వెంటనే మరల చట్టములు చేసి నిలబెట్టుకొన్నారు. పనివారును కంపెనీలును కలిసి భారము మోయు ఆ ఏర్పాటు నేటికిని నడచుచున్నది.

1957: రెండవ సమాధానము

మన రైల్వేలలో పింఛను పద్ధతి 1957లో వచ్చినది. ఆ సంవత్సరము నవంబరు 16 తరువాత ఉద్యోగములో చేరినవారందరికి పింఛనే. ఏప్రిల్ 1 నాటికి ఉద్యోగములో ఉన్నవారికి మాత్రము ఫండులోనే ఉండుటయా, పింఛనుకు మారుటయా అని కోరుకొను హక్కు ఇచ్చినారు.

నేటివారికి ఇందులో తటపటాయించుటకు ఏమున్నదని తోచును. కాని ఆనాటి లెక్క వేరు. ముప్పదియేండ్ల సేవకు సగటు జీతములో ఎనుబదింట ముప్పది వంతులు పింఛను. అనగా రూపాయికి ఆరణాలు. ఉద్యోగి మరణించిన పిదప భార్యకు జీవితాంతము వచ్చునను హామీ ఆనాడు లేదు. ఇటు ఫండు పద్ధతిలో కండ్లయెదుట రాశిపోసినట్లు పెద్ద మొత్తము. కూతురి పెళ్ళి తలపై ఉన్న తండ్రి ఏది కోరుకొనును? అనేకులు ఫండులోనే నిలిచినారు. ఆపై పలుమార్లు మారుటకు అవకాశమిచ్చినను కొందరు మారలేదు.

తరువాత పింఛను పద్ధతి క్రమముగా బలపడినది. 1964లో కుటుంబ పింఛను పథకము వచ్చినది. దానికై ఉద్యోగి రెండునెలల జీతమంత గ్రాట్యుటీలో వదులుకొనవలసియుండెను. ఆ షరతును 1977లో తీసివేసినారు. ధరలనుబట్టి పింఛనుదారులకు కరువు భృతి కలిసినది. 1979లో పింఛను లెక్కను సవరించి, వెయ్యి రూపాయలవరకు జీతమునకు నూటికి ఏబది, ఆపై ఐదువందలకు నలుబదియైదు, మిగిలినదానికి నలుబది చొప్పున కట్టినారు. 1986 జనవరి 1 నాటికి ఉద్యోగములో ఉన్న ఫండువారు, తాము వలదని వ్రాసి ఇచ్చిననే తప్ప, పింఛనుకు మారినట్లే ఎంచినారు.

కాని అంతకుముందే విరమించిన ఫండువారి గతి ఏమి? వారు సుప్రీంకోర్టువరకు పోయినారు. కృష్ణకుమార్ కేసులో 1990లో వచ్చిన తీర్పు వారికి అనుకూలముగా లేదు. ఫండు సొమ్ము చెల్లించినపుడే ప్రభుత్వపు బాధ్యత ముగిసినదనియు, పింఛనుదారులకు మాత్రము బాధ్యత కొనసాగుననియు, ఇరువురును ఒక తరగతివారు కారనియు న్యాయస్థానము చెప్పినది. 1997 నవంబరునుండి అటువంటి వృద్ధులకు నెలకు ఆరువందల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇచ్చుటకు ప్రభుత్వమంగీకరించినది. ఒకే ఇంజనుపై పనిచేసిన ఇద్దరిలో ఒకనికి నెలనెలా పెరుగు పింఛను. మరియొకనికి ఆరువందల భృతి. తేడా అంతయు నడివయసులో ఒక కాగితముపై పెట్టిన చేవ్రాలులో ఉన్నది. అంత పెద్ద విషయమును ఒక్కొక్కని ఊహకు వదలివేయుట సమంజసమా అని ఈ చరిత్ర మనలను అడుగుచున్నది.

పింఛను దానమా, హక్కా?

పింఛను దొరగారి దయయని మన తాతలనాటి భావము. 1871నాటి పింఛనుల చట్టములో పింఛనును గురించి సివిలు కోర్టులో దావా వేయుటకే అడ్డుకట్టలు ఉన్నవి. ఈ భావమును పూర్తిగా త్రోసివేసినది 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన నకారా తీర్పు. రక్షణశాఖలో లెక్కల ఉద్యోగిగా 1972లో విరమించిన డి. ఎస్. నకారాగారు, 1979 సవరణ ఒక తేదీకి పిమ్మట విరమించినవారికే ఇచ్చుట అన్యాయమని వాదించినారు. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ వాదము నంగీకరించినది. తీర్పు వ్రాసినవారు జస్టిస్ డి. ఎ. దేశాయిగారు. ఆ ధర్మాసనములో మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డిగారును ఉండిరి. పింఛను యజమాని ఇష్టముపై వచ్చు బహుమానము కాదు, గతసేవకు చెల్లింపు, వయసులో చెమటోడ్చినవారిని ముదిమిలో విడువరాదను సామాజిక న్యాయము అని ఆ తీర్పు సారాంశము. డిసెంబరు 17ను పింఛనుదారుల దినముగా జరుపుకొనుట ఇందువలననే.

ఇంతకును ఎవరు చెల్లించుచున్నారు?

హక్కు అన్నంతమాత్రమున సొమ్ము ఆకాశమునుండి రాలదు. రైల్వే పింఛనుకు ఒక ప్రత్యేకత కలదు. 2017లో రైల్వే బడ్జెటును సాధారణ బడ్జెటులో కలిపిన తరువాత కూడ, రైల్వే తన పింఛనుదారులకు తన రాబడినుండియే చెల్లించుచున్నది. 2025 మార్చిలో రైల్వే మంత్రి రాజ్యసభలో చెప్పిన లెక్కప్రకారము పింఛనుదారులు సుమారు పదిహేను లక్షలమంది. వారికై ఖర్చు దాదాపు 66,000 కోట్ల రూపాయలు. ప్రయాణీకుల టికెట్టు ఖర్చుకంటె తక్కువకే అమ్ముచున్నందున, ఆ లోటు సరుకుల కిరాయి పూడ్చుచున్నది. అనగా జోలార్పేట యార్డు దాటిపోవు ప్రతి బొగ్గు బండియు, సిమెంటు బండియు ఒక వృద్ధుని అన్నములో కొంత మోసికొనిపోవుచున్నది. ఆ కిరాయి చివరకు విద్యుత్తు ధరలో, సిమెంటు ధరలో కలిసి దేశప్రజలందరిపై పడును.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును. తనకే పింఛను లేని కూలివాడు, గుమాస్తా పింఛనుకు ఏల చెల్లించవలెను? ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. దీనికి సమాధానము గుమాస్తా పింఛను తీసివేయుటలో లేదు. కూలివానికి కూడ పింఛను కల్పించుటలో ఉన్నది.

2004 తరువాత

2004 జనవరి 1నుండి సైనికులు తప్ప కేంద్ర ప్రభుత్వోద్యోగములలో క్రొత్తగా చేరినవారికి పాత పింఛను లేదు. మా తరమువారము ఈ తరగతికి చెందినవారము. జీతము, కరువు భృతులలో నూటికి పది మావి, పది ప్రభుత్వానివి. 2019 ఏప్రిల్‌నుండి ప్రభుత్వపు వంతు పదునాలుగు. ఆ సొమ్ము మార్కెటులో పెట్టుబడి. మార్కెటు పెరిగిన మాకు లాభము, తగ్గిన మాకు నష్టము. పాత ఫండు పద్ధతి వేరు వేషముతో తిరిగివచ్చినదని చెప్పవచ్చును. పాత ఫండుకు వడ్డీయైనను నిశ్చయము.

ఉద్యోగ సంఘముల ఆందోళనల పిమ్మట 2024 ఆగస్టు 24న కేంద్ర మంత్రివర్గము ఏకీకృత పింఛను పథకము నంగీకరించగా, అది 2025 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చినది. ఇరువదియైదేండ్లు సేవచేసినవారికి చివరి పండ్రెండు నెలల సగటు మూలవేతనములో సగము, పదేండ్లు సేవచేసినవారికి కనీసము నెలకు 10,000 రూపాయలు, మరణానంతరము భార్యకో భర్తకో పింఛనులో నూటికి అరువది. ఉద్యోగి వంతు పది, ప్రభుత్వపు వంతు పదునెనిమిదిన్నర. ఇందులోనికి మారుటయా, వెనుకటిదానిలో ఉండుటయా అని మా తరమువారిని కోరుకొమ్మన్నారు. 1957లో మన పెద్దల ముందుంచిన కాగితమువంటిదే ఇదియును. వారి అనుభవము తెలిసినవారు నేటి మొత్తమును మాత్రమే చూడక, ఎనుబదియవ ఏట ఇంటికి ఏమి వచ్చునో, తాను లేనినాడు భార్యకు ఏమి మిగులునో లెక్క వేసికొందురు.

రైలుకు వెలుపలివారు

మన సంఘములో అందరును రైలువారు కారు. ఆంబూరు, వాణియంబాడి తోళ్ళ కర్మాగారములలోను, గుడియాత్తం బీడీ, మగ్గము పనులలోను ఉన్న తెలుగు కుటుంబములు కలవు. కర్మాగారముల పనివారికి 1952 ప్రావిడెంట్ ఫండు చట్టమును, 1995 నవంబరు 16న మొదలైన పింఛను పథకమును ఆధారము. ఆ పథకములో కనీస పింఛను 2014 సెప్టెంబరులో నెలకు వెయ్యి రూపాయలని నిర్ణయించినారు. రైల్వేలో 2016నుండి కనీస పింఛను తొమ్మిదివేలు. ఇద్దరిదియు చెమటయే కదా!

ఏ ఫండును లేనివారికి మిగిలినది వృద్ధాప్య పింఛను. మద్రాసు రాష్ట్రములో ఇది 1962లో మొదలైనది. అప్పటి ముఖ్యమంత్రి కామరాజుగారు 1954లో శాసనసభకు ఎన్నికైనది మన గుడియాత్తంనుండియే అని ఇచటివారు గర్వముతో చెప్పుకొందురు. కేంద్రమువారి సహాయము 1995 ఆగస్టు 15న నెలకు డెబ్బదియైదు రూపాయలతో ప్రారంభమైనది.

2023లో తమిళనాడు ఈ పింఛనును వెయ్యినుండి 1,200 రూపాయలకు పెంచినది. 2024లో ఆంధ్రప్రదేశ్ మూడువేలనుండి నాలుగువేలకు పెంచినది. జోలార్పేటనుండి బెంగుళూరు బండి ఎక్కిన కొంతసేపటికే కుప్పము వచ్చును. ఒకే పట్టాలు, ఒకే ముసలితనము. మధ్యలో రాష్ట్రపు హద్దు. ఇచట నలుబదియేండ్లు కూలిచేసిన తెలుగు వృద్ధురాలికి అచట రేషను కార్డు లేదు కనుక అచటిది రాదు. ఇచట కాగితములు సరిగా లేకున్న ఇచటిదియు రాదు. వలసవచ్చినవారికి ముదిమిలో రెండు రాష్ట్రములుండియు ఒక్క రాష్ట్రమును లేనట్లగును.

బిడ్డల వంతు

కన్నవారిని పోషించుట బిడ్డల ధర్మమని మనకు ఏ చట్టమును చెప్పనక్కరలేదు. అయినను 1973నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 125వ సెక్షనులో తల్లిదండ్రుల మనోవర్తిని చేర్చవలసివచ్చినది. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము చేసి, నెలకు పదివేల రూపాయలవరకు ఇప్పించు అధికారమును ట్రిబ్యునళ్ళకు ఇచ్చినారు. చట్టము అన్నము పెట్టించగలదు, పక్కన కూర్చుండబెట్టలేదు.

మరియొక సంగతి కలదు. పింఛను లెక్కలలో ఎక్కని ఖర్చు ఇంటిలో జరుగుచున్నది. మంచముపట్టిన మామగారికి మందు ఇచ్చుట, అత్తగారిని స్నానమునకు లేపుట, రాత్రి మేలుకొనుట – ఇవి చేయునది సామాన్యముగా కోడలో, కూతురో. ఆమెకు జీతము లేదు, సెలవు లేదు, ఆమె ముదిమికి పింఛనును లేదు. ముసలివారి సేవకు ఎవరు చెల్లించవలెనని అడిగినపుడు, ఇన్నాళ్ళు ఎక్కువగా చెల్లించినవారు మన ఇంటి ఆడవారే అని ఒప్పుకొనక తప్పదు.

మా అభిప్రాయము

నూటయేబదియేండ్ల అనుభవము చెప్పునదేమనగా, ఈ బరువు ఏ ఒక్కరి భుజమునకును తగదు. ఉద్యోగి ఒక్కడే మోసిన దీర్ఘాయువు శాపమగును. బిడ్డలే మోసిన, పేదబిడ్డల తల్లిదండ్రులు పస్తులుందురు. యజమాని ఇష్టమునకు వదలిన, ఏరు దాటి తెప్ప తగలబెట్టువారు ఉండనే ఉన్నారు. కాబట్టి వయసులో ఉన్నవాడు కొంత, పని చేయించుకొన్నవాడు కొంత, ప్రభుత్వము కొంత వేసి, ఎంతకాలము బ్రతికినను ఆగని కనీసపు మొత్తము ఒకటి ప్రతివానికి నిశ్చయము కావలెను. ఆ కనీసము పన్నులనుండి వచ్చుటయే న్యాయము. ఏలయన కూలివాని పనివలన లాభపడినవాడు ఒక్క యజమాని కాదు, దేశమంతయు. వలసవచ్చినవాడు ఎచట పనిచేసెనో అచటి ప్రభుత్వమే దానిని ఇవ్వవలెను. ఇక ప్రేమయు, సేవయు బిడ్డల వంతు. అన్నపు చింత తీరిన ఇంటిలో ఆ సేవ సంతోషముతో జరుగును.

ఇవన్నియు ప్రభుత్వములు చేయవలసినవి. మన సంఘము ఈ యేడే చేయదగినవి కొన్ని కలవు. పింఛనుదారులు ప్రతి నవంబరులో బ్రతికియున్నట్లు ధ్రువపత్రము ఇవ్వవలెను. 2014నుండి దానిని వేలిముద్రతో కంప్యూటరు ద్వారా ఇచ్చు వీలున్నది. వ్రేళ్ళు అరిగిన వృద్ధులకు చదువుకొన్న పిల్లలు తోడుపోవలెను. పింఛను పత్రములో భార్యపేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నవో లేవో భర్త జీవించియుండగనే సరిచూడవలెను. బీడీ, తోళ్ళ పనివారి ఫండు లెక్కలను తెలుగులో వివరించి చెప్పువారు కావలెను. మనలో గుమాస్తాలకు కొదవలేదు. ఆదివారము ఒక గంట కలము పట్టిన చాలును.

ఈ నూతన సంవత్సరమున మన వృద్ధులందరి జాతకములలో వ్యయముకంటె ఆదాయము, అవమానముకంటె రాజపూజ్యము అధికమగుగాక యని కోరుచు, పాఠక సోదరసోదరీమణులకు యుగాది శుభాకాంక్షలు తెలుపుకొనుచున్నాము.